జెండాల గదిలో పడక: శామ్యూల్ బ్యాటిల్ పేరు వీధికెక్కే లోపు

1911 నాటి న్యూయార్క్ పోలీసులకు గస్తీ ముగిస్తే డ్యూటీ అయిపోయినట్టు కాదు. కొన్ని గంటలు స్టేషన్‌లోనే రిజర్వ్‌లో ఉండాలి, అక్కడే పడుకోవాలి. అందుకని ప్రతి స్టేషన్‌లోనూ పైన వరుసగా మంచాలు వేసిన హాలు ఉండేది. ఆ ఏడాది వేసవిలో వెస్ట్ 68వ వీధి స్టేషన్‌కు కొత్తగా వచ్చిన ఒక కానిస్టేబుల్‌కు మాత్రం ఆ హాలులో చోటు దొరకలేదు. పండగలకూ ఊరేగింపులకూ వాడే జెండాలు దాచిపెట్టే అటక గదిలో ఆయనకు పక్క వేశారు. ఆయనతో ఒకే గదిలో పడుకోవడం మిగతా పోలీసులకు ఇష్టం లేదు. ఆయన పేరు శామ్యూల్ జెస్సీ బ్యాటిల్. బరోలనే అయిదు పెద్ద భాగాలు కలిసి ఒకే మహానగరమయ్యాక న్యూయార్క్ పోలీసు శాఖ ఉద్యోగమిచ్చిన మొదటి నల్లజాతి మనిషి.

2009లో న్యూయార్క్‌లో నల్లజాతి పేటగా పేరుపడ్డ హార్లెంలోని లెనాక్స్ అవెన్యూ, 135వ వీధి కలిసే కూడలికి 'శామ్యూల్ జె. బ్యాటిల్ ప్లాజా' అని పేరు పెట్టారు. ఆయన ఉద్యోగంలో చేరిన 98 ఏళ్ళకు, చనిపోయిన 43 ఏళ్ళకు ఆ బోర్డు వచ్చింది. బోర్డు మీద ఒక పేరే పడుతుంది. ఆ పేరుకు ముందు జనం చెప్పుకునే మాట 'మొదటివాడు'. ఆ మాట వింటే, అంతకు ముందు ఎవరూ ప్రయత్నించలేదనీ ఈయన ప్రయత్నించి గెలిచాడనీ అనిపిస్తుంది. జరిగింది అది కాదు. తలుపు ఇన్నేళ్ళు మూసి ఉంచింది ఎవరు, ఎలా మూశారు అన్నది తెలుసుకోకపోతే బ్యాటిల్‌కు ఇచ్చిన గౌరవానికి అర్థం సగమే.

ముందు ఊరి సంగతి. 1898కి ముందు బ్రూక్లిన్ వేరే నగరం, దాని పోలీసు శాఖా వేరే. అక్కడ 1890ల మొదట్లోనే ఒకరిద్దరు నల్లజాతి పోలీసులు ఉద్యోగంలో చేరారు. వాళ్ళలో మోజెస్ కాబ్ ఒకరు. ఆయన బ్యాటిల్‌కు బావ. నగరాలు కలిసినప్పుడు కాబ్ ఉద్యోగం కొత్త శాఖలోకి వచ్చింది. ఆ తర్వాత మాత్రం కొత్తగా ఒక్క నల్లజాతి మనిషినీ తీసుకోలేదు. అంటే ఉన్న తలుపునే మళ్ళీ మూశారు. చరిత్ర ఎప్పుడూ ముందుకే నడుస్తుందనే నమ్మకం ఇక్కడే దెబ్బ తింటుంది.

ఆ మధ్యకాలంలోనే 1900 ఆగస్టు వచ్చింది. మఫ్టీలో ఉన్న ఒక తెల్ల పోలీసుకూ ఒక నల్లజాతి యువకుడికీ జరిగిన గొడవలో పోలీసు చనిపోయాడు. తర్వాత తెల్లవాళ్ళ గుంపులు మన్‌హటన్ పడమటి వైపు పేటల్లో నల్లజాతి వాళ్ళను దొరికినచోటల్లా కొట్టాయి. ఆపాల్సిన పోలీసులే చాలాచోట్ల లాఠీలతో ఆ గుంపుల్లో కలిశారు. ఫిర్యాదులు ఎన్ని ఇచ్చినా న్యాయం జరగలేదు. మా వీధుల్లో మా మనిషి యూనిఫామ్‌లో ఉండాలి అని నల్లజాతి నాయకులూ పత్రికలూ పట్టుబట్టడం ఈ గాయాల్లోంచే మొదలైంది. బ్యాటిల్ నియామకానికి ఆయన పట్టుదల ఎంత కారణమో ఆ పదేళ్ళ ఒత్తిడీ అంతే కారణం.

బ్యాటిల్ 1883 జనవరి 16న నార్త్ కరోలినా రాష్ట్రంలోని న్యూ బెర్న్‌లో పుట్టారు. తల్లిదండ్రులిద్దరూ బానిసత్వంలో పుట్టినవాళ్ళు. తండ్రి మెథడిస్ట్ పాస్టరు. కుర్రతనంలో పనిచేసే చోట డబ్బు కాజేస్తూ బ్యాటిల్ పట్టుబడ్డారు. యజమాని పాస్టరుగారి ముఖం చూసి కేసు పెట్టలేదు కానీ, వీడు ఏడాది తిరక్కుండా జైల్లో ఉంటాడని తేల్చేశాడు. ఆ మాట బ్యాటిల్ మనసులో ముల్లులా దిగింది. తర్వాత ఉత్తరాదికి వెళ్ళి, న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో ఎర్రటోపీ పోర్టరుగా కుదిరారు. ప్రయాణికులిచ్చే టిప్పుల మీద బతికే పని అది. చదువుకున్న నల్లజాతి యువకులకు కూడా ఊళ్ళో అంతకన్నా మంచి పనులు పెద్దగా దొరికేవి కావు. ఆయన అక్కడే పోర్టర్ల మేస్త్రీకి సహాయకుడయ్యారు, ఖాళీ దొరికినప్పుడల్లా పోలీసు ఉద్యోగానికి రాయాల్సిన సివిల్ సర్వీస్ పరీక్షకు చదివారు.

ఇక్కడి నుంచి అడ్డుగోడల పనితీరు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. పరీక్ష రాత పరీక్ష. జవాబుపత్రానికి రంగు ఉండదు. బ్యాటిల్ పాసయ్యారు, 638 మందిలో 199వ స్థానం. రాత దగ్గర ఆపలేనప్పుడు వైద్యపరీక్ష అక్కరకొచ్చింది. గుండెచప్పుడులో లోపం ఉందని పక్కన పెట్టారు. ఆరడుగులకు మించిన మనిషి, రోజూ పెట్టెలు మోసే దేహం. ఆయన ఊరుకోలేదు, పలుకుబడి ఉన్నవాళ్ళ చేత అడిగించారు. మళ్ళీ పరీక్ష జరిగింది, ఈసారి అదే గుండె బాగానే ఉందన్నారు. 1911 జూన్ 28న నియామకం వచ్చింది.

చట్టంలో ఎక్కడా నల్లవాళ్ళు పోలీసులు కాకూడదని లేదు. న్యూయార్క్‌కూ దక్షిణాదికీ తేడా అదే. దక్షిణాది పద్ధతి ఎలా ఉండేదో అట్లాంటా చూస్తే తెలుస్తుంది. అక్కడ 1948లో మొదటిసారి ఎనిమిది మంది నల్లజాతి పోలీసులను తీసుకున్నారు. వాళ్ళు తెల్లవాళ్ళను అరెస్టు చేయకూడదు, నల్లజాతి పేటలు దాటి గస్తీ తిరగకూడదు. ప్రధాన పోలీస్ కార్యాలయంలో వాళ్ళకు చోటు లేదు కనుక బట్లర్ వీధి వైఎంసీఏ నేలమాళిగలో హాజరు వేయించుకునేవాళ్ళు. అట్లాంటాలో గీత గీసి చెప్పారు. న్యూయార్క్‌లో గీత కనిపించదు, కాలికి తగిలితేనే తెలుస్తుంది. గీత కనిపిస్తే దాని మీద కోర్టుకు వెళ్ళొచ్చు. డాక్టరు చెవికి వినిపించిన గుండెచప్పుడు మీద ఏ కోర్టుకు వెళ్ళాలి? ఉత్తరాది వివక్షను అక్కడివాళ్ళు చాలాకాలం వివక్షగా ఒప్పుకోకపోవడానికి ఇది పెద్ద కారణం.

ఉద్యోగం దొరికాక మొదలైంది మౌనం. స్టేషన్‌లో ఎవరూ ఆయనతో మాట్లాడరు. పలకరింపు లేదు, జవాబు లేదు. మన ఊళ్ళలో దీనికి పాత మాట ఉంది: వెలి. నీళ్ళు, నిప్పు బంద్ చేయడం తెలిసిన పాఠకులకు ఇదేమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ పోలీసు ఉద్యోగంలో వెలి అంటే అవమానం ఒక్కటే కాదు, ప్రాణం మీదికి వచ్చే సంగతి. వీధిలో గొడవ అయితే పక్కన నిలబడాల్సింది తోటి పోలీసే. ఏ సందులో ఎవడు ప్రమాదం, ఏ సార్జెంట్‌కు ఏం నచ్చదు, రిపోర్టు ఎలా రాయాలి లాంటివన్నీ కొత్తవాడికి పాతవాళ్ళ నోటి నుంచే రావాలి. మాట ఆపేస్తే ఆ విద్య మొత్తం ఆగిపోతుంది. తర్వాత పని రాదని ఆయన మీదే నెపం వేయొచ్చు. బెదిరింపు చీటీ ఒకటి కూడా ఆయన పడక దగ్గర కనిపించింది.

బయట ఇంకో తమాషా. నల్లజాతి పోలీసును చూడటానికి జనం ఎగబడేవాళ్ళు. పత్రికలవాళ్ళు వెంటపడ్డారు. బ్యాటిల్ ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. ఆ సంయమనాన్ని గొప్ప గుణమని మెచ్చుకోవడం మామూలే. నిజంగానే అది గొప్ప గుణం. అయితే ఆయనకు మరో దారి ఉందా అన్నది కూడా అడగాలి. నోరు విప్పితే 'వీళ్ళు ఇమడలేరు' అనడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. ఆయన ఒక్కరి కోపం ఆయన వెనుక రావాల్సిన వందల మంది ఉద్యోగాలకు అడ్డు పడే పరిస్థితి. కోపం తెచ్చుకునే హక్కు కూడా లేకుండా పనిచేయడం ఎంత బరువో మెచ్చుకోళ్ళలో కనిపించదు. జెండాల గదిలో ఆయన ఏం చేశారో మాత్రం తెలుసు. పుస్తకాలు ముందేసుకుని తర్వాతి పరీక్షలకు చదువుకున్నారు.

1913లో ఆయన్ను హార్లెంకు మార్చారు. నల్లజాతి కుటుంబాలు అప్పుడే ఆ పేటకు పెద్ద సంఖ్యలో చేరుతున్నాయి. అదే ఏడాది రాబర్ట్ హోమ్స్ అనే మరో నల్లజాతి మనిషి పోలీసుగా చేరారు. 1917లో ఆయన డ్యూటీలో ఉండగా ప్రాణం పోగొట్టుకున్నారు. న్యూయార్క్‌లో విధి నిర్వహణలో చనిపోయిన మొదటి నల్లజాతి పోలీసు ఆయనే. రెండేళ్ళకు, 1919లో, అమెరికా అంతటా జాతి అల్లర్లు రగిలిన వేసవి వచ్చింది. ఆ ఏడాది హార్లెంలో కోపంతో ఉన్న గుంపు ఒక తెల్ల పోలీసును చుట్టుముట్టింది. బ్యాటిల్ గుంపులోకి దూరి ఆయన్ను ప్రాణాలతో బయటకు తెచ్చారు. ఆ తర్వాతే తోటి పోలీసులు ఓటు వేసి, సార్జెంట్ పరీక్షకు తయారయ్యే తరగతిలో ఆయన్ను చేర్చుకోవడానికి ఒప్పుకున్నారు.

ఈ సంఘటనను సాధారణంగా మనసులు మారిన కథగా చెబుతారు. కాస్త ఆగి చూస్తే లెక్క వేరుగా కనిపిస్తుంది. మిగతా పోలీసులు ఫీజు కట్టి చేరే తరగతి అది. ఈయన ఎనిమిదేళ్ళు ఎదురుచూసి, ప్రాణం పణంగా పెట్టి, ఒక తెల్లవాడి ప్రాణం కాపాడితే గానీ అందులో కుర్చీ దొరకలేదు. పైగా ఆ కుర్చీ ఇవ్వాలా వద్దా అని ఓటింగు. ధైర్యం బ్యాటిల్‌ది, సందేహం లేదు. కానీ ఒక మామూలు హక్కుకు వీరత్వాన్ని ధరగా అడిగిన వ్యవస్థను ఆ కథ కింద దాచిపెట్టకూడదు.

పరీక్ష పాసైనా పదోన్నతి వెంటనే రాలేదు. జాబితాలో ఉన్న పేరును దాటేసి కింద ఉన్నవాళ్ళను తీసుకునే వీలు కమిషనర్లకు ఉండేది. 1926లో సార్జెంట్ అయ్యారు, అంటే చేరిన 15 ఏళ్ళకు. 1935లో లెఫ్టినెంట్. రెండు హోదాల్లోనూ ఆ శాఖలో ఆయనే మొదటి నల్లజాతి అధికారి. తెల్ల పోలీసులకు ఆర్డరు వేసే స్థానం అది. చేరడం కన్నా ఎక్కడం ఎందుకు కష్టమైందో ఇక్కడ అర్థమవుతుంది. పక్కన నిలబడే నల్లవాణ్ణి ఓర్చుకున్నవాళ్ళు కూడా పైన కూర్చునే నల్లవాణ్ణి ఓర్చుకోలేకపోయారు.

లెఫ్టినెంట్ అయిన కొన్ని వారాలకే హార్లెం రగిలింది. 1935 మార్చి 19న 125వ వీధిలోని క్రెస్ దుకాణంలో లీనో రివేరా అనే 16 ఏళ్ళ కుర్రాడు చిన్న చాకు ఒకటి దొంగిలిస్తూ దొరికాడు. కొట్టు సిబ్బందికీ వాడికీ పెనుగులాట జరిగింది. చివరికి పోలీసు వాణ్ణి వెనక దారిన వదిలేశాడు. ముందు వైపు ఉన్న జనానికి అది తెలియదు. అదే సమయంలో దగ్గర్లో ఒక శవవాహనం ఆగి ఉంది. పిల్లవాణ్ణి కొట్టి చంపేశారన్న పుకారు నిమిషాల్లో పాకింది. రాత్రంతా అద్దాలు పగిలాయి, దుకాణాలు లూటీ అయ్యాయి. ముగ్గురు చనిపోయారు. పోలీసులు ఆ కుర్రాణ్ణి వెతికి పట్టుకొచ్చి ఫోటో తీయించారు. ఆ ఫోటోలో వాడి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది లెఫ్టినెంట్ బ్యాటిల్. పిల్లవాడు బతికే ఉన్నాడు, నమ్మండి అని హార్లెంకు చెప్పడానికి ఆ ఫోటో.

బ్యాటిల్ జీవితం మొత్తంలో ఎక్కువగా ఆలోచించాల్సింది ఈ ఫోటో గురించే. తెల్ల అధికారి పక్కన రివేరా నిలబడితే ఎవరూ నమ్మరని శాఖకు తెలుసు. కాబట్టి బ్యాటిల్ ముఖం కావలసి వచ్చింది. ఏ శాఖ ఆయన్ను జెండాల గదిలో పడుకోబెట్టిందో అదే శాఖ ఆయన మీద జనానికున్న నమ్మకాన్ని అరువు తెచ్చుకుంది. ఆ నమ్మకం ఆయన పాతికేళ్ళు వీధుల్లో తిరిగి సంపాదించుకున్నది. అయినా అంత పెద్ద పేటకు ఒక్క ముఖం చాలలేదు. మేయర్ లా గార్డియా వేసిన విచారణ సంఘం ఆ అల్లరి కుట్ర కాదని చెప్పింది. ఉద్యోగాల్లో వివక్ష, ఇరుకు ఇళ్ళకు ఎక్కువ అద్దెలు, పాడుబడ్డ బడులు, పోలీసుల దౌర్జన్యం, వీటన్నిటి మీద పేరుకున్న కోపమే కారణమంది. మేయర్ ఆ నివేదికను బయటపెట్టలేదు. మరుసటి ఏడాది 'ఆమ్‌స్టర్‌డామ్ న్యూస్' అనే నల్లజాతి పత్రిక దాన్ని అచ్చువేసింది.

నల్లజాతి అధికారి ఒకరు ఉంటే పోలీసు శాఖ మారిపోతుందా అన్న ప్రశ్నకు ఆ రాత్రే జవాబు ఉంది. ఒకరు ఉండటం అవసరం. ఆ రాత్రి బ్యాటిల్ లేకపోతే జరిగేది ఇంకా ఘోరంగా ఉండేదేమో. కానీ ఆయన ఉన్నా ముగ్గురు చనిపోయారు. ఎందుకంటే జనం కోపం ఒక్క లాఠీ మీద కాదు, రోజువారీ బతుకు మీద. శాఖ ఆ కోపానికి కారణాలు సరిచేయకుండా ఆ కోపానికీ తనకూ మధ్య బ్యాటిల్‌ను నిలబెట్టింది. మొదటివాళ్ళందరికీ వచ్చే చిక్కు ఇదే. తనవాళ్ళకు శాఖ మనిషి, శాఖకు తనవాళ్ళ మనిషి, ఇద్దరికీ పూర్తిగా సొంతం కాడు.

1941లో లా గార్డియా ఆయన్ను నగర పరోల్ కమిషనర్‌గా వేశారు. అంతకు ముందు ఆ పదవిలో ఉన్నది బేస్‌బాల్ దిగ్గజం లూ గెరిగ్, నరాల జబ్బుతో ఆ ఏడాదే కన్నుమూశారు. జైలు నుంచి విడుదలయ్యేవాళ్ళ భవిష్యత్తు తేల్చే కుర్చీలో, ఏడాదిలో జైలుకు పోతాడని ఒకప్పుడు అనిపించుకున్న మనిషి కూర్చున్నారు. హార్లెం కుర్రాళ్ళ కోసం ఆటలు, వేసవి శిబిరాలు, దారి తప్పినవాళ్ళను మళ్ళీ నిలబెట్టే పనులు ఆయన చేసినవన్నీ ఆ పాత ముల్లు తాలూకువేనని అనుకోవచ్చు. 1943 ఆగస్టులో ఒక తెల్ల పోలీసు ఒక నల్లజాతి సైనికుణ్ణి కాల్చాడు. సైనికుడు బతికే ఉన్నా చచ్చిపోయాడన్న పుకారుతో హార్లెం మళ్ళీ రగిలి, ఆరుగురు చనిపోయారు. మేయర్ ఈసారి కూడా శాంతింపజేయడానికి బ్యాటిల్ సాయం కోరారు. ఎనిమిదేళ్ళ తర్వాత అదే పుకారు, అదే పేట, అదే మనిషికి పిలుపు. 1951లో ఆయన రిటైర్ అయ్యారు.

ఆయన వల్ల తెరుచుకున్న దారిని చూడాలంటే పోలీసు శాఖ దాటి కూడా వెళ్ళాలి. గ్రాండ్ సెంట్రల్‌లో పోర్టర్ల మేస్త్రీ జేమ్స్ విలియమ్స్ కొడుకు వెస్లీ విలియమ్స్ 1919లో న్యూయార్క్ అగ్నిమాపక శాఖలో చేరారు. ఆ కుర్రాణ్ణి ప్రోత్సహించినవాళ్ళలో బ్యాటిల్ ఉన్నారు. వెస్లీ చేరిన రోజే ఆ ఫైర్ స్టేషన్ కెప్టెన్ రిటైర్మెంట్ తీసుకున్నాడు, మిగతావాళ్ళంతా బదిలీ కావాలన్నారు. తర్వాత ఆయన బెటాలియన్ చీఫ్ దాకా ఎదిగారు, నల్లజాతి ఫైర్‌మెన్ కోసం 1940లో వల్కన్ సొసైటీ నెలకొల్పడంలో ముందున్నారు. పోలీసుల్లో ఇలాంటిదే గార్డియన్స్ అసోసియేషన్. ఒంటరిగా మౌనం భరించిన తరం తర్వాత వచ్చినవాళ్ళు చేసిన తెలివైన పని సంఘం పెట్టుకోవడం. వెలికి విరుగుడు ఓర్పు ఒక్కటే కాదు, పక్కన ఇంకొకరు ఉండటం కూడా. న్యూయార్క్ పోలీసు కమిషనర్ కుర్చీలో మొదటి నల్లజాతి మనిషి బెంజమిన్ వార్డ్ కూర్చునే సరికి 1984 వచ్చింది. బ్యాటిల్ చేరిన 73 ఏళ్ళకు. 2022లో కీచాంట్ సూయెల్ ఆ పదవిలోకి వచ్చిన మొదటి మహిళ అయ్యారు, ఆమె కూడా నల్లజాతి ఆవిడే.

బతికుండగా తన కథ పుస్తకంగా రావాలని బ్యాటిల్‌కు బాగా కోరిక. హార్లెం మహాకవి లాంగ్‌స్టన్ హ్యూజ్‌కు డబ్బిచ్చి రాయించుకున్నారు. ప్రచురణకర్తలు ముందుకు రాలేదు, రాతప్రతి అలాగే ఉండిపోయింది. 1966 ఆగస్టు 7న, 83 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. అంతటి కవి రాసినా అచ్చు కాలేదంటే, అప్పటి ప్రచురణ రంగానికి ఒక నల్లజాతి పోలీసు జీవితం కొని చదివే కథగా అనిపించలేదన్నమాట. ఆయన విషయంలో ఇది పోలీసు శాఖ చేసిన తప్పు కాదు. కానీ గౌరవం ఆలస్యం కావడంలో దీని వాటా తక్కువేం కాదు.

ఆయన పేరు పెట్టిన కూడలి దగ్గరికే మళ్ళీ వద్దాం. న్యూయార్క్‌లో ఇలా పేరు పెట్టాలంటే నగర కౌన్సిల్ ఆమోదించాలి. పాత వీధి పేరు పోదు, దానితో పాటు ఇంకో బోర్డు వేలాడుతుంది. లెనాక్స్ అవెన్యూకు అప్పటికే మరో పేరు ఉంది: మాల్కం ఎక్స్ బులెవార్డ్. 1957 ఏప్రిల్‌లో హార్లెం పోలీసులు జాన్సన్ హింటన్ అనే మనిషిని తల పగిలేలా కొట్టి స్టేషన్‌లో పెట్టినప్పుడు, నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ తన అనుచరులతో వెళ్ళి ఆ స్టేషన్ ముందు నిలబడి, అతన్ని ఆసుపత్రికి పంపేదాకా కదల్లేదు. పంపాక జనం లెనాక్స్ అవెన్యూ మీదుగా నడిచి హార్లెం హాస్పిటల్ దగ్గరికి చేరారు. ఆ హాస్పిటల్ ఉన్నది ఈ కూడలిలోనే. పోలీసు శాఖలోపల 30 ఏళ్ళు నలిగిన మనిషి పేరూ, ఆ శాఖను బయటి నుంచి నిలదీసిన మనిషి పేరూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. సబ్‌వే మెట్లెక్కి పైకి వచ్చేవాళ్ళకు రెండూ కనిపిస్తాయి.